పాత పడవను నీట దించిన వేళ

ఇంటిలోని వస్తువు పాడైనచో దానిని బాగుచేసి మరల వాడుకొనుట మన పెద్దల యలవాటు. గడియారమైనను, కుట్టుమిషనైనను, బాగుపడినదో లేదో గదిలో కూర్చుండియే చూచుకొనవచ్చును. పడవ సంగతి యట్టిది కాదు. దానిని బాగుచేయువాడు మనుష్యుడు, పరీక్షించునది నీరు. ఆ పరీక్షకు మేము నిలిచిన విధమును ఈ పూట శ్రోతలకు మనవి చేయుదుము.

మాది కోనసీమలో వసిష్ఠ గోదావరి యొడ్డున నున్న యొక గ్రామము. నది నడుమ లంకలో మాకు కొంత కొబ్బరితోట గలదు. మా తండ్రిగారు పదునెనిమిది అడుగుల టేకు పడవకు ఒంటి సిలిండరు డీజిలు ఇంజను బిగించుకొని, కాయ దింపు దినములలో ఆ లంకకు రాకపోకలు సాగించెడివారు. వారు గతించిన పిదప ఆ పడవ తొమ్మిదేండ్లు పాకలో ఎండుచు పడియుండెను. తోటను చూడవలెనన్న మా తల్లిగారు ఇతరుల పడవ కొరకు రేవులో కాచుకొనవలసి వచ్చెడిది. "మీ నాన్నగారి పడవమీద ఒక్కసారి లంకకు వెళ్ళాలని ఉందిరా" అని యామె యనిన మాటయే మా యన్నదమ్ముల మువ్వురిని ఈ పనికి పూనించినది.

కుళ్ళిన పలకలు నాలుగు తీసివైచి, క్రొత్తవి రాగిమేకులతో బిగించితిమి. పలకల సందులలో నూలుపీచు దూర్చి, గుగ్గిలమును నూనెలో కాచి పూసితిమి. ఇంజను విప్పి కడిగి, అరిగిన రింగులు మార్చితిమి. ఈ పనిలో మాకు మార్గము చూపినవాడు మా యూరి పడవల వడ్రంగి తాత. పీచును మేము సుత్తితో మిక్కిలి గట్టిగా దట్టింపబోగా ఆయన వారించెను. కొయ్య తడిసినపుడు పొడవునకు పెరుగుట అత్యల్పము; అడ్డముగా ఉబ్బును. ఉబ్బుటకు చోటు లేకుండ దట్టించినచో పలకలు ఒకదాని నొకటి నెట్టుకొని మేకులను వదలించును. లోపలి వంపుకొయ్యలను సైతము విరువవచ్చును. కనుక సందు కొంత వదులుగా నుండవలెను. మిగిలినది నీరే మూయును. ఈ సంగతి విన్నవారమే యయ్యు, నీట దించు దినమున దానిని మరచితిమి.

భోగినాటి ఉదయమున పడవను ట్రాక్టరుపై రేవునకు చేర్చితిమి. పండుగకు వచ్చిన చుట్టములందరు గట్టున నిలిచిరి. మా తల్లిగారు పసుపుకుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టిరి. పడవ జారి నీటిపై తేలగానే పిల్లలు కేరింతలు కొట్టిరి. మాలో పెద్దవాడు తల్లిగారిని ఎక్కించుటకు చేయి సాచినంతలో వడ్రంగి తాత అడ్డుపడెను.

"ఆగండి బాబూ! తొమ్మిదేళ్ళు ఎండిన చెక్క, దాహంతో ఉంది. ముందు దాన్ని తాగనివ్వండి. తరువాత మీరెక్కుదురుగాని."

మాకు లోలోపల కోపము వచ్చినమాట నిజము. మా సెలవులు ఇంక నాలుగు దినములే యుండెను. కాని యాయన మాట తీసివేయలేక నిలిచితిమి. మరికొంత సేపటికే పది పండ్రెండు చోట్ల సందులనుండి నీరు ఊరసాగెను. అరగంటలో చీలమండల లోతు చేరెను. గట్టుమీది చుట్టమొకరు, "రంగు మాత్రం బాగా కుదిరిందండీ" అనిరి. మేము తల వంచుకొని నీరు తోడసాగితిమి.

ఘనమీటరు నీరు వేయి కిలోగ్రాముల బరువు. అయినను పడవ యడుగున చేరిన నీటి బరువుకంటె దాని కదలిక భయంకరము. పడవ ఏ ప్రక్కకు ఒరిగిన ఆ ప్రక్కకే నీరు పరుగెత్తి, ఒరుగును మరింత పెంచును. తల్లిని, పిల్లలను ఎక్కించుకొని నడిగోదావరికి పోయియుండినచో ఏమగునో తలచుకొని ఆ రాత్రి మేము నిద్రపోలేదు.

లోతు తక్కువైన చోట పడవను త్రాళ్ళతో కట్టి, వంతులవారీగా కావలి యుంటిమి. భోగినాటి రాత్రి గంట కొకసారి తోడవలసి వచ్చెను. సంక్రాంతినాడు నాలుగు గంటల కొకసారి చాలెను. కనుమనాడు కాకియైనను కదలదందురు; మా పడవయు కదలలేదు. ఆ సాయంకాలమునకు ఒక్క సందు దక్క తక్కినవన్నియు మూసికొనెను. మేము క్రొత్తగా చేసినది లేదు; వేచియుంటిమి, అంతే.

ముక్కనుమనాడు పడవను గట్టునకు కట్టియుంచియే ఇంజను నడిపితిమి. నదినుండి తోడిన నీరు ఇంజనును చల్లబరచి గొట్టము గుండ బయటికి వచ్చుచుండెను. నీటిలోని పంకాను త్రిప్పు ఇనుపకడ్డీ పడవను దాటిపోవు చోట, గ్రీజు పట్టించిన నూలుత్రాడు చుట్టి బిగింతురు. ఒక్క చుక్కయు రాకుండ దానిని బిగించితిమి. అది చేయి పెట్టలేనంతగా వేడెక్కెను. కడ్డీ తిరుగునపుడు నిమిషమునకు కొన్ని చుక్కలు కారుచుండవలెను. ఆ తడియే దానికి చలువ. కొంచెము వదులు చేసినంతనే అది కుదుటపడెను. పడవ కొంత అదరుచుండెను కూడ. నేలమీద ఇంజనును కడ్డీతో సరిగా కూర్చినను, నీటిపై తేలినపుడు పడవ రూపము ఇంచుక మారును. అందుచే ఇంజను క్రింద పలుచని రేకులు వేసి, ఆ కూర్పును మరల సరిచేసితిమి. అదురు తగ్గెను.

అయినను తల్లిగారిని ఎక్కించలేదు. యంత్రముతో నడచు పడవకు తనిఖీయు, నమోదును కావలెను. 1917 నాటి చట్టము స్థానమున వచ్చిన 2021 నాటి అంతర్దేశ నౌకల చట్టము నిర్దేశించుచున్నదియు నదియే. ఆ పత్రములు వచ్చిన పిదప, శివరాత్రి వెళ్ళిన మరునాడు, మేము మరల సెలవు పెట్టి వచ్చితిమి. చీరపై ప్రాణరక్షక కవచము తొడుగుకొనుమనగా, "ఇదేం వేషంరా! మీ నాన్నగారు ఏనాడైనా వేసుకున్నారా?" అని తల్లిగారు నవ్విరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహారపడవ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయిన సంగతి మేము జ్ఞాపకము చేసితిమి. ఆమె మారుమాటాడక తొడుగుకొనిరి.

నది నిదానముగా నుండెను. లంక రేవు చేరువరకు ఆమె మాటాడలేదు. దిగునపుడు మాత్రము పడవ అంచుపై అరచేయి ఆనించి, "అడుగున తడి లేదురా" అనిరి. గట్టున నిలిచియున్న వడ్రంగి తాత యా మాట వినలేదు. సాయంకాలము తిరిగి వచ్చి, ముందుగా ఆయన యింటికే పోయి చెప్పితిమి.