పేరు పెట్టిన పళ్లెం

మా నాన్నమ్మ పేరు సుబ్బమ్మ. వీధిలో నిలబడి ఆ పేరు పిలిస్తే ముగ్గురు పలికేవారట! మనవరాలికి నాన్నమ్మ పేరే పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. కానీ కోడలు అత్తగారి పేరెత్తి పిల్లను కసరగలదా అండీ? అందుకే నేను బడి రిజిస్టరులో సుబ్బమ్మను, ఇంట్లో చిట్టిని.

1925లో సరోజినీ నాయుడు కాంగ్రెసు అధ్యక్షురాలయ్యారు, 1966లో ఇందిర ప్రధాని అయ్యారు. ఆ పేర్లు మన ఉయ్యాలల్లోకీ వచ్చాయి. తర్వాత స్వాతులు, లావణ్యలు. ఒక్క తరగతిలో నలుగురుంటే పంతులమ్మ ఇంటిపేరు తగిలించి పిలవాల్సి వచ్చేది. అందరికీ ఉన్న పేరు మీద మోజెన్నాళ్లు?

మొన్న మనవరాలి బారసాలలో సుబ్బమ్మ పేరు అడిగాను. "మూడో పేరుగా రాయిద్దాం అత్తయ్యా" అంది కోడలు. పళ్లెంలో బియ్యం మీద మావాడు ఉంగరంతో రాశాడు. ఆ బియ్యంతోనే మర్నాడు పరమాన్నం వండాం.