ముందు దరఖాస్తు – విద్యార్థికి సహాయం

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడగానే బషీర్‌బాగ్‌లోని నిజాం కళాశాలవైపు ఎందరో విద్యార్థుల దృష్టి మళ్ళుతుంది. 1887లో స్థాపితమైన ఆ విద్యాలయంలో చదువుకోవాలన్న కోరిక ఉన్నది. రుసుము చెల్లించే స్తోమత మాత్రం అందరికీ లేదు. దరఖాస్తు ముందుగా పెట్టుకుంటే ప్రభుత్వ సహాయం తప్పక లభిస్తుందా అన్నది వారిని వేధించే ప్రశ్న.

విద్యార్థికి అందే సహాయం రెండు విధాలు. అర్హత ఉన్నవారందరికీ చెందేది ఒకటి. పరిమితమైన నిధిని కొందరికి పంచేది మరొకటి. షెడ్యూల్డు కులాల విద్యార్థులకై భారత ప్రభుత్వం 1944లో ప్రారంభించిన ఉపకారవేతనమూ, 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తరించి నేడు తెలంగాణలో కొనసాగుతున్న బోధన రుసుముల చెల్లింపూ మొదటి కోవకు చెందుతాయి. ఇక్కడ చూసేది కుటుంబ ఆదాయం, చేరిన విధానం, హాజరు. గడువులోపల మొదటి దినాన వచ్చినవారికి ఎక్కువా లేదు, చివరి దినాన వచ్చినవారికి తక్కువా లేదు.

సీటు సంగతీ అంతే. 2016లో మొదలైన ‘దోస్త్’ ప్రవేశాలలో సీటును నిర్ణయించేవి మార్కులు, రిజర్వేషన్లు, విద్యార్థి కోరుకున్న కళాశాలల వరుస. దరఖాస్తు చేసిన గడియ కాదు. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత ఇక్కడ చెల్లుతుంది.

అంతమాత్రాన ఆలస్యం చేయవచ్చునని అనుకోరాదు. విడతలవారీ ప్రవేశాలు ముగిసిన పిమ్మట మిగిలిన సీట్లను ‘స్పాట్’ పద్ధతిలో భర్తీ చేస్తారు. అలా చేరినవారికి రుసుము చెల్లింపు వర్తించదు. ఒకే తరగతిలో, ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరిలో ఒకరి రుసుమును ప్రభుత్వం భరిస్తుంది. మరొకరి తండ్రి అప్పు చేయవలసి వస్తుంది.

కనుక త్వరపడవలసింది ధ్రువపత్రాల విషయంలో. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు ‘మీసేవ’లో అర్జీ పెట్టిన తరువాత తహసీల్దారు కార్యాలయం విచారించవలసి ఉంటుంది. పదవ తరగతి పత్రంలోని పేరుకూ ఆధార్‌లోని పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా చిక్కే. ఈ పనులు ఫలితాలకు ముందే ముగించుకొనడం వివేకం.

రెండవ కోవ సహాయంలో కాలానికి విలువ హెచ్చు. అమెరికాకు పైచదువులకు వెళ్ళదలచిన మన యువకులు దీనిని గమనించాలి. అక్కడి అనేక విశ్వవిద్యాలయ శాఖలు తొలి గడువులోగా అందిన దరఖాస్తులనే ఆర్థిక సహాయానికి ముందుగా పరిశీలిస్తాయి. తరువాత వచ్చినవారికి ప్రవేశం దొరకవచ్చును గాని, నిధి మిగలకపోవచ్చును.

మరొక్క మాట. మంజూరు వేరు, సొమ్ము చేరడం వేరు. బకాయిలు పేరుకొని, కళాశాలలు ధ్రువపత్రాలు ఆపివేసిన సందర్భాలున్నవి. కాబట్టి దరఖాస్తు రసీదును భద్రపరచుకోవాలి. ఏటేటా పునరుద్ధరణ మరువరాదు. నూటికి 75 వంతుల హాజరు తప్పరాదు. ముందుచూపు అర్హతను పెంచలేదు. ఉన్న అర్హత చేజారకుండా మాత్రం కాపాడుతుంది.