మొదటి సెమిస్టరుకు మూడు సబ్జెక్టులు చాలు

(సంఘ వార్షిక సభలో, పైచదువులకు అమెరికా వెళ్లనున్న విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మాకంటే ముందు మాట్లాడిన పెద్దలు విద్య గొప్పతనాన్ని గూర్చి చక్కగా సెలవిచ్చారు. మేము అంత ఎత్తుకు పోదలచుకోలేదు. మేము చెప్పదలచినది చిన్న విషయం. అయితే ఈ చిన్న విషయంలో మేమే ఒకసారి పొరపాటు చేసి, ఒక పిల్లవాణ్ణి కష్టపెట్టినవాళ్లం. అందుచేత చెప్పే హక్కు కొంత ఉన్నదని అనుకుంటున్నాము.

ఇక్కడ మన కళాశాలల్లో చాలావరకు టైంటేబులు ఆఫీసువారే తయారుచేసి గోడకు అంటిస్తారు. మనం రాసుకుని వెళ్లి కూర్చోవడమే. అక్కడ అట్లా కాదు. ఎవరి టైంటేబులు వారిదే. ఈ సెమిస్టరులో ఏ సబ్జెక్టులు చదవాలి, ఎన్ని చదవాలి, ఏ రోజు ఏ వేళకు క్లాసు ఉండాలి అన్నది విద్యార్థి తానే ఎంచుకుని నమోదు చేసుకోవాలి. సలహా చెప్పడానికి అడ్వైజరు ఉంటాడు గాని, బరువు మోసేది మాత్రం మీరే.

ముందుగా లెక్క తెలుసుకోండి. అక్కడ చదువును క్రెడిట్లలో కొలుస్తారు. సాధారణంగా ఒక సబ్జెక్టుకు మూడు క్రెడిట్లు. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవారు ప్రతి సెమిస్టరు పూర్తికాలపు విద్యార్థిగా ఉండి తీరాలి. బి.ఎస్. వంటి మొదటి డిగ్రీ చదివేవారికి అది కనీసం 12 క్రెడిట్లు. ఎం.ఎస్. చదివేవారికి ఎంత అన్నది విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. చాలాచోట్ల 9 క్రెడిట్లు, అనగా మూడు సబ్జెక్టులు. ఇంకొక నిబంధన కూడా ఉన్నది. పూర్తికాలపు లెక్కలోకి సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ సబ్జెక్టు మాత్రమే వస్తుంది. ఇంట్లో కూర్చుని చదువుకుందామని రెండు మూడు అటువంటివే పెట్టుకుంటే వీసాకే ముప్పు.

ఇప్పుడు ప్రశ్న ఏమంటే, మూడు చాలా, నాలుగు తీసుకోవాలా? కొన్ని విశ్వవిద్యాలయాల్లో 9 క్రెడిట్లకూ 12 క్రెడిట్లకూ ఫీజు ఒక్కటే. అది వినగానే మనవాళ్ల ప్రాణం కొట్టుకుంటుంది. "ఎలాగూ కడుతున్నాం గదా, నాలుగోది కూడా తీసుకోరాదూ? ఒక సెమిస్టరు కలిసొస్తుంది" అంటారు. అయ్యా, మేమూ అదే అన్నాము.

కొన్నేళ్ల క్రితం మా చెల్లెలి కొడుకు ఎం.ఎస్. చదవడానికి వెళ్లాడు. మొత్తం పది సబ్జెక్టులు. మూడేసి చొప్పున తీసుకుంటే మూడు సెమిస్టర్లు పోను నాలుగో దాంట్లో ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కదాని కోసం ఇంకొక సెమిస్టరు ఇంటి అద్దె, ఇన్సూరెన్సు ఎందుకని మాకు తోచింది. మా చెల్లెలు ఉన్న ఒక్క ఇల్లూ కుదువ పెట్టి పంపింది. వాడు ఫోనులో, "మామూ, ఇక్కడ సీనియర్లు మూడు చాలంటున్నారు" అన్నాడు. "సీనియర్లకేం, నీ సంగతి నువ్వు చూసుకో. తెలివైనవాడివి, నాలుగు తీసుకో" అన్నాము. పెద్దల మాట కాదనడం తెలియని పిల్లవాడు. తీసుకున్నాడు.

ఆ నాలుగు ఎంత బరువో మేము అప్పుడు లెక్క వేయలేదు. ఇప్పుడు వేసి చూపిస్తాము. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి బయట కనీసం రెండు గంటల చదువు అని అక్కడి లెక్క. 9 క్రెడిట్లకు 9 గంటల క్లాసు, 18 గంటల చదువు, వెరసి 27. 12 క్రెడిట్లయితే 36. చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయడానికి అనుమతి ఉన్నది. మావాడు భోజనశాలలో పనికి కుదిరాడు. 36కు 20 కలిపితే 56 గంటలు. ఇది బాగా చదువుకొచ్చినవాడి లెక్క. వెనకబడిన సబ్జెక్టుకు రెండింతలు పడుతుంది. ఆపైన వంట, బట్టలు, బస్సు కోసం ఎదురుచూడటం, ఎన్నడూ ఎరుగని చలి. ఇక్కడ అమ్మ చేసిపెట్టే పనులన్నీ అక్కడ మన గంటల్లోంచే పోతాయి.

ఇంకొకటి. మన దగ్గర చివరి నెలలో రాత్రింబవళ్లు కూర్చుని గట్టెక్కే అలవాటు చాలామందికి ఉన్నది. అక్కడ అది సాగదు. మొదటివారం నుంచే హోంవర్కు, చిన్న పరీక్షలు, సగంలో మిడ్‌టర్మ్, చివర ప్రాజెక్టు. ప్రతిదానికీ మార్కులు. ఆరోవారానికి మావాడికి నాలుగు సబ్జెక్టుల మిడ్‌టర్ములు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఒక రాత్రి ప్రోగ్రాము పూర్తికాక స్నేహితుడిది తీసుకుని కొద్దిగా మార్చి ఇచ్చాడు. దొరికిపోయాడు. దానికి సున్నా, పైగా హెచ్చరిక లేఖ. చూడండి, వాడు దొంగబుద్ధి గల పిల్లవాడు కాదు. మోయలేని బరువు ఎత్తుకున్నవాడు ఎక్కడో ఒకచోట అడుగు తప్పుతాడు. ఆ బరువు ఎత్తించినది మేము.

సెమిస్టరు చివర రెండు బీలు, రెండు సీలు వచ్చాయి. బీకి 3, సీకి 2 చొప్పున కలిపితే 10. నాలుగుతో భాగిస్తే సగటు 2.5. చాలా విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్. వారికి సగటు 3.0 తగ్గరాదు. తగ్గితే ప్రొబేషన్ అంటారు. అది సరిదిద్దుకోకపోతే చదువు నుంచే తొలగించవచ్చు. చదువు పోతే వీసా ఆధారమే పోతుంది. మావాడు ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆ ఏడు పండగనాడు ఫోనులో "బాగున్నాను అమ్మీ" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. మా చెల్లెలు పండగపూట అన్నం ముట్టలేదు.

రెండో సెమిస్టరులో మూడే తీసుకుని, రెండు ఏలు, ఒక బీ తెచ్చుకున్నాడు. 11 వచ్చింది. 10కి 11 కలిపితే 21, ఏడు సబ్జెక్టులకు సరిగ్గా 3.0. అల్లా దయవల్ల గట్టెక్కాడు. అయితే సీ వచ్చినవాటిలో ఒకటి ప్రధానమైన సబ్జెక్టు. అందులో బీ రానిదే డిగ్రీకి లెక్కించబోమన్నారు. మళ్లీ ఫీజు కట్టి, నాలుగో సెమిస్టరులో అదొక్కటీ చదివాడు. అంటే మేము మిగిలించాలనుకున్న సెమిస్టరు మిగలనే లేదు. మూడేసి తీసుకున్నా అంతే కాలం పట్టేది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు ఊరకే అనలేదు.

కాబట్టి విద్యార్థులారా, మీకు మా మనవి ఇది. ఎం.ఎస్.కు వెళ్లేవారు మొదటి సెమిస్టరులో మీ విశ్వవిద్యాలయం అడిగే కనీసంతో సరిపెట్టుకోండి. మూడింటిలో ఒకటి గట్టిది పెట్టుకోండి. ఒకటి ఇక్కడ కొంత చదువుకున్నదై ఉండాలి. మూడోది ప్రోగ్రాములు, ప్రాజెక్టులు తక్కువగా ఉన్నదై ఉండాలి. మూడూ గట్టివే అయితే మూడూ నాలుగుతో సమానమే. ప్రతి సబ్జెక్టుకు ముందుగా ఏమేమి తెలిసి ఉండాలో రాసి ఉంటుంది. అది చదవండి. స్టాటిస్టిక్స్ రానివాడు దాని మీద కట్టిన సబ్జెక్టులో కూర్చుంటే పునాది లేని గోడే.

మొదటివారంలో ప్రతి ప్రొఫెసరూ సిలబస్ ఇస్తారు. ఏ తేదీన ఏ పరీక్ష, దేనికెన్ని మార్కులు అన్నీ అందులో ఉంటాయి. మూడు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి ఒకే క్యాలెండరు మీద రాయండి. మూడు మిడ్‌టర్ములు ఒకే వారంలో పడితే అప్పుడే తెలిసిపోతుంది. సబ్జెక్టు మార్చుకోవడానికి మొదట్లో కొద్ది రోజుల గడువు ఉంటుంది. ఆ తేదీని, ఫీజు వాపసు వచ్చే చివరి తేదీని గోడ మీద రాసి పెట్టుకోండి. నాలుగు నమోదు చేసుకుని, వారం రోజులు విని, ఒకటి వదులుకునేవారూ ఉన్నారు. గడువులోపల అయితే అది తెలివైన పనే. మావాడు ఆ తేదీ దాటిపోయాక మేల్కొన్నాడు.

క్లాసు వేళలు కూడా చూసుకోండి. రాత్రి క్లాసు అయిపోయాక బస్సు ఉంటుందో లేదో అడగండి, ముఖ్యంగా అమ్మాయిలు. శుక్రవారం జుమా వేళకు అడ్డురాని సెక్షను ఉంటే అదే తీసుకోండి. జనవరిలో చేరేవారికి మరొక మాట: 2027లో రంజాన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది, అంటే మొదటి సెమిస్టరు నడుమనే. రోజాలుండి నాలుగు సబ్జెక్టులు లాగగలమా అని ముందే ఆలోచించుకోండి.

మొదటి డిగ్రీకి వెళ్లే పిల్లలకు లెక్క కొంచెం వేరు. 120 క్రెడిట్లు ఎనిమిది సెమిస్టర్లలో పూర్తి కావాలంటే సగటున 15 పడతాయి. అయినా మొదట 12 తీసుకుని, నిలదొక్కుకున్నాక తర్వాత సెమిస్టర్లలో ఒక్కొక్కటి కలుపుకోవచ్చు.

ఎంత జాగ్రత్తపడ్డా కష్టం రావచ్చు. అప్పుడు మీకు మీరే సబ్జెక్టు వదిలేయకండి. కనీసానికి తగ్గితే వీసా దెబ్బతింటుంది. ముందుగా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లండి. భాష ఇబ్బంది, అక్కడి బోధన పద్ధతి కొత్త కావడం వంటి కారణాలకు బరువు తగ్గించుకోవడానికి అనుమతి ఇచ్చే నిబంధన ఉన్నది. చదువు కారణంతో అది ఒక డిగ్రీకి ఒక్కసారే. జబ్బు చేస్తే దానికి వేరే అనుమతి. ఏదైనా సరే, అనుమతి ముందు, వదలడం తర్వాత.

ఇక తల్లిదండ్రులకు రెండు మాటలు. అక్కడ రాత్రయితే మనకు పగలు. మనం నాష్తా చేసి తీరిగ్గా ఫోను చేసే వేళకు వాడు పనిలోంచి వచ్చి పుస్తకం ముందు కూర్చుంటాడు. అప్పుడు "ఫలానావారి అబ్బాయి నాలుగు తీసుకున్నాడట, నువ్వెందుకు మూడే?" అని అడగకండి. "తిన్నావా, నిద్రపోతున్నావా, దేంట్లోనైనా వెనకబడ్డావా?" అని అడగండి. వెనకబడ్డానని చెబితే కోప్పడకండి. పిల్లవాడు చెప్పుకోగలిగిన ఇల్లు ఉంటే సగం కష్టం తీరినట్టే. మా చెల్లెలి ఇంటికి ఆ ఫోను రాకుండా చేసినది మా తొందర.

మావాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. కుదువ పెట్టిన ఇల్లు విడిపించాడు. కిందటి పండగకు వచ్చినప్పుడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈ సభ సంగతి చెబితే మాత్రం నవ్వి, "మామూ, ఆ పిల్లలకు మూడు చాలని చెప్పండి" అన్నాడు.

చెప్పాము. అల్లా మీ అందరినీ క్షేమంగా తీసుకువెళ్లి, క్షేమంగా తిరిగి తీసుకురావాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.