పాత కంప్యూటరు - క్రొత్త ఆటలు

మన గ్రామముల పిల్లలు కంప్యూటరు విద్య నేర్చుటకై హైదరాబాదు చేరి, అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల హాస్టళ్లలో నుండుట మీరెరిగినదే. నా మనుమడును వారిలో నొకడు. కార్యాలయములవారు కొన్నేండ్లు వాడి తీసివేసిన కంప్యూటర్లు బాగుచేయబడి చవుకగా అమ్మకమునకు వచ్చును. వాడు చదువునకై కొన్నది అట్టి డెల్ ఆప్టిప్లెక్స్ 7010, సన్నని పెట్టె రకము. చదువునకది చాలును, వాడు కోరిన ఆటలకు మాత్రము చాలదాయెను. ఆటల బొమ్మలను వేగముగా గీయుటకు గ్రాఫిక్సు కార్డు వేరుగా కావలెను.

వాడు నాతో చెప్పక, పంజాగుట్టలో నొక దుకాణమువాని మాట విని, పెద్ద కార్డు నొకటి కొనెను. అది ఆ పెట్టెలో పట్టలేదు. పట్టినను పనిచేయునది కాదు. దానికి వేరు కరెంటు తీగ కావలెను, పెట్టెలో అట్టి తీగ లేదు. దుకాణదారు రెండువేల రూపాయలు తగ్గించి తిరిగి తీసికొనెను. ఆ నెల మెస్సు బిల్లునకు సొమ్ము చాలక వాడు నాకు ఫోను చేసెను. వాని తండ్రి ఆటలే వలదని, యంత్రము నమ్మివేయుమని కోపించెను. నేను మాత్రము బయలుదేరి వెళ్లితిని.

"తాతా, ఇప్పుడేమి చేయుదము?" అని వాడడిగెను. "ముందు మూత విప్పుము" అంటిని. లోపల కరెంటు నందించు పెట్టె యున్నది; దానిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. దానిపై 240 వాట్లని యుండెను. బావివద్ద సన్నతీగకు పెద్దమోటారు తగిలించినచో నేమగునో మనకు తెలియును. ఇచ్చటను అంతియే. కార్డును గ్రుచ్చు స్లాటు తనంతట 75 వాట్ల వరకే ఇయ్యగలదని హాస్టలులో తెలిసిన కుర్రవాడొకడు చెప్పెను. కావున ఆ హద్దులో పనిచేయు పొట్టి కార్డే కావలెను. 2019లో వెలువడిన జీటీఎక్స్ 1650 కార్డులలో అట్టివి కలవు. అదే పేరుగల కొన్నింటికి వేరు తీగ కావలెను గనుక పేరునుబట్టి కొనరాదు. కార్డును చూచి, కొలిచి కొనవలెను. మేము మెట్రోలో సికింద్రాబాదు వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటరులో నాలుగు దుకాణములు తిరిగి, వాడిన కార్డు నొకదానిని పనిచేయించి చూచి కొంటిమి.

తక్కిన పని స్వల్పము. తిరుగుడు డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. పెట్టించితిమి; ఆట తెరచుకొనుటకు పట్టు కాలము తగ్గెను. ఉన్న ర్యాముకు జతగా అట్టిదే మరియొకటి చేర్చితిమి. దుమ్ము దులిపి, ప్రాసెసరుపై ఎండిన పేస్టు మార్పించితిమి. రేపు క్రొత్త యంత్రము కొన్నను కార్డును, ఎస్.ఎస్.డి.యును దానికి పనికివచ్చును. ఈ పాతరకపు ర్యాము పనికిరాదు. కావున ర్యాముపై హెచ్చు వ్యయము తగదు.

ఒక హెచ్చరిక. విండోస్ 10నకు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఈ యంత్రపు ప్రాసెసరు విండోస్ 11నకు అంగీకరింపబడిన వానిలో లేదు. అట్టిదానిపై బ్యాంకు వ్యవహారములు జరుపవలదని వానికి గట్టిగా చెప్పితిని.

క్రొత్త యంత్రమునకు వాడు లెక్కగట్టిన సొమ్ములో మూడవవంతునకు లోపలనే పని ముగిసెను. పోయిన రెండువేలు తిరిగి రాలేదు. కాని వాడిప్పుడు ఏది కొనవలెనన్నను ముందు లెక్క కాగితముపై వ్రాసి, నాకు ఫోనులో చదివి వినిపించును. పెద్దలారా, పిల్లలు ఇట్టివాటికి సొమ్మడిగినప్పుడు కాదనుటకుగాని ఇచ్చుటకుగాని తొందరపడకుడు. యంత్రము ఎంత మోయగలదో ముందు చూచి చెప్పుమని అడుగుడు.