సరస్సులోని మన్ను, కొండమీది మేకలు



చండీగఢ్ నగరపు అంచున, శివాలిక్ కొండల పాదమున సుఖ్నా సరస్సు ఉన్నది. కొండవాగుకు 1958లో అడ్డుకట్ట వేయగా ఏర్పడిన సరస్సు అది. ఇరవై ఏండ్లు నిండకమునుపే దాని నీటి నిలువలో సగానికి పైగా పూడిక ఆక్రమించినది. నగరము ఖర్చు పెట్టి పూడిక తీయించును. మరుసటి వానలకు కొండలు మరల మన్ను పంపును.

ఆ మన్ను జాడ వెదకగా అది సుఖోమాజ్రీ అను చిన్న పల్లెకు చేరినది. మృత్తికా జల సంరక్షణ పరిశోధన సంస్థకు చెందిన పి. ఆర్. మిశ్రా అక్కడ కారణమును గుర్తించెను. శివాలిక్ మన్ను వదులైనది. పైన గడ్డీ పొదా లేకున్న వానచినుకు తాకిడికే విడిపోవును, గండ్లు పడును. కొండను బోడి చేసినవి మేకలు, పశువులు. కానీ పల్లెలో సేద్యము వానాధారము. పైరు చేతికి వచ్చునో రాదో తెలియదు. మేకయే నమ్మకమైన ఆస్తి. కొండ మాత్రము అటవీశాఖది.

అధికారులు తొలుత గండ్లకు అడ్డుకట్టలు వేసి, మొక్కలు నాటి, మేపు మానుకొమ్మని చెప్పిరి. పల్లెవారు వినలేదు. నగరవాసుల షికారు సరస్సు కొరకు తమ మేకలను అమ్ముకొమ్మన్న ఎవరు విందురు? పల్లె విడిచి పట్టణము చేరిన తెలుగువారికి ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు.

మార్పు ఒక చిన్న మట్టికట్టతో వచ్చినది. 1970ల నడుమ, మన్ను జారకుండ కట్టిన ఆ కట్ట వెనుక వాననీరు నిలిచినది. ఎండుచున్న పైరుకు ఆ నీరు పారించగా పంట దక్కినది. అప్పుడు పల్లెవారే కొండను కాచుటకు ముందుకు వచ్చిరి. కొండ జారిన తమ నీరే పూడిపోవును గదా. ఇచ్చట ఒక చిక్కుముడి ఉన్నది. నీరు పొలమున్నవానికే అందినచో, భూమి లేనివాడు మేకలను ఎందుకు కట్టివేయును? అందుచేత ప్రతి కుటుంబమునకూ సమాన వాటా అని నిర్ణయించిరి. భూమి లేనివాడు తన వాటా నీటిని అమ్ముకొనవచ్చును. ఈ కథ అంతటిలో మెచ్చదగిన ఆలోచన ఇదే. మేకలు తగ్గినవి, కొట్టములో కట్టి మేపు గేదెలు పెరిగినవి. తాళ్ళకూ కాగితపు గుజ్జుకూ పనికివచ్చు భాభర్ గడ్డిని కోసి అమ్ముకొను హక్కు గ్రామ సంఘమునకు దక్కినది. ఆ కొండ వాలు నుండి కొట్టుకువచ్చు మన్ను పదింట తొమ్మిది పాళ్ళు తగ్గెనని లెక్క తేలినది.

1990 జూన్‌లో కేంద్రప్రభుత్వము అడవుల సంరక్షణలో పల్లెలకు పాలు ఇవ్వవలెనని రాష్ట్రములకు సూచించినది. అందుకు దారి చూపిన పల్లెలలో సుఖోమాజ్రీ ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో వన సంరక్షణ సమితులు ఆ వరుసలో వచ్చినవే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువు పూడికను తీసి పొలములకు ఎరువుగా తోలించినది. అది మంచి పనియే. అయితే చెరువులోనిది తీయుట ఒకటి, ఎగువన మన్ను కదలకుండ చూచుట వేరొకటి. రెండవది కంటికి కానరాదు, ఫోటోకు అందదు.

సుఖోమాజ్రీ కథ అంతటితో ముగియలేదు. గడ్డి మీది ఆదాయమునకు సంఘము పన్ను కట్టవలసి వచ్చినది. కొండను కాచినది పల్లె, పన్ను కట్టినది పల్లె, పూడికతీత ఖర్చు మిగిలినది నగరమునకు. కాలక్రమమున కట్ట వెనుకనూ మన్ను చేరినది, సమాన వాటా కట్టుబాటు సడలినది. సుఖ్నాలో పూడిక తీయుట మాత్రము తరువాతి కాలమునను జరుగుచునే వచ్చినది.