కరెంటు చదువులో మన వాటా

(దివిసీమ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వాళ్లని కన్న అమ్మలారా, అయ్యలారా!

బందరు, గుడివాడ, దివిసీమ పేటల పిల్లలు మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. ఎండతో, గాలితో కరెంటు తీసే రంగంలో పని దొరకాలంటే ఇంజనీరింగులో ఏ బ్రాంచి తీసుకోవాలి అని.

కరెంటు మనకి పరాయిది కాదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేద్కర్ చేతిలోనే నీటిపారుదల, విద్యుత్తు కూడా ఉన్నాయి. దేశమంతటికీ ఒక కరెంటు ప్రణాళిక ఉండాలని ఆనాడే వాదించినవాడాయన. ఆయన బిడ్డలం స్తంభాలు మోసే కూలీలుగానే మిగలాలా?

కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 2017లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. దాదాపు 5,900 ఎకరాలు. అలాంటి చోట పలకలు కడిగేదెవరు? గడ్డి కోసేదెవరు? డిజైను గీసి సంతకం పెట్టేదెవరు? అసలు ప్రశ్న అదీ.

ఇక బ్రాంచి సంగతి. 'రెన్యూవబుల్ ఎనర్జీ' అని బోర్డు కనబడగానే చేరిపోకండి. సోలార్ పలక ఇచ్చేది డీసీ కరెంటు. దాన్ని ఇన్వర్టరు ఏసీగా మార్చాలి. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి పెంచాలి. సబ్‌స్టేషను గ్రిడ్డుకి ఎక్కించాలి. ఇదంతా ఎలక్ట్రికల్, అంటే ట్రిపుల్ ఈ. గాలిమర రెక్కలు, గేర్లు మెకానికల్. బ్యాటరీల లోపలి రసాయనం కెమికల్. గుడివాడ మిల్లుల ఊక మండించి ఆవిరి తీసే బాయిలరు మళ్లీ మెకానికలే. తుపానుకి లేచిపోని పునాదులు సివిల్. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకి ఆ పని విలువ మేం చెప్పాలా?

కాబట్టి ముందు వేరు లాంటి బ్రాంచి పట్టుకోండి. కొమ్మని ఎంటెక్‌లో ఎంచుకోవచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. సోలార్ కంపెనీలు ఎక్కువగా ప్రైవేటువి, అక్కడ రిజర్వేషన్ లేదు. రిజర్వేషన్ ఉన్న ట్రాన్స్‌కో, జెన్‌కో, డిస్కంల నోటిఫికేషన్లలో బ్రాంచి పేరు రాసి ఉంటుంది. మీ పట్టా మీద పేరు దానికి సరిపడకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. రెండు తలుపులూ తెరిచే చదువు చదవండి. చేరేముందు పాత నోటిఫికేషన్లు తీసి చూడండి. లేబొరేటరీలో మిషన్లు తిరుగుతున్నాయో, దుమ్ము పట్టాయో కళ్లారా చూడండి.

ఇంటర్ దాకా మోయలేని ఇంట్లో పుట్టారా? పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయండి. ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడులోకి పోవచ్చు. ఈలోగా చేతికో పనీ వస్తుంది.

అయ్యలారా, ఆడపిల్లకి కరెంటు పనేంటి అనకండి. నాట్లు వేసి ఇల్లు నిలబెట్టిన చేతులు మీటరు పట్టుకోలేవా?

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల పలకలకి 78,000 రూపాయల సబ్సిడీ అంటోంది. మరి రేకుల కప్పు మీద ఆ పలక ఎలా నిలబడాలి? సొంత కప్పే లేనివాడికి ఎలా అందాలి? ఈ లెక్క వేసే ఇంజనీరు మన పేటల్లోంచే రావాలి.

చదవండి. లెక్క నేర్వండి. వాటా అడగండి.

జై భీమ్!