ఫ్లైవీల్ మార్చాలా, లేత్ పట్టిస్తే చాలా?

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ రేజ్ అవుతుంది, బండి మాత్రం లాగదు. కాలిన వాసన కూడా వస్తే క్లచ్ ప్లేటు అరిగినట్టే.

కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా, షోరూంలో క్లచ్ మార్పిస్తే కంపెనీ సామానుకు, కూలికి ఎక్కువవుతుంది. బయటి షెడ్డులో కూలి తక్కువ. పైగా మంచి మెకానిక్ క్లచ్ ప్లేటు ఆనుకుని ఉండే ఫ్లైవీల్‌ను కూడా విప్పి చూస్తాడు. పైపై గీతలే ఉండి పగుళ్లు లేకపోతే లేత్ పట్టిస్తాడు. కొత్తది కొనే పని తప్పుతుంది. కొన్ని డీజిల్ కార్లలో స్ప్రింగులున్న డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. అది పాడైతే మార్చాల్సిందే, అసలు ఖరీదు దానిదే.

వారంటీ ఉన్న బండికి షోరూమే మేలు. ఎక్కడైనా గేర్‌బాక్స్ దించక తప్పదు కాబట్టి రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే మార్పించండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాలపై జీఎస్టీ 18 శాతమే. విప్పిన పాత సామాను అడిగి చూడండి, బిల్లు తప్పక తీసుకోండి.